సీసా మూత తీయగానే కొనకండి: అత్తరును ఒంటిమీద చూసి ఎంచుకునే పద్ధతి

పత్తర్‌గట్టి వైపు నుంచి చార్మినార్‌కు నడుస్తుంటే అత్తరు దుకాణం కంటికి కనబడక ముందే ముక్కుకు తెలుస్తుంది. లోపలికి అడుగు పెట్టగానే దుకాణదారు సీసా గాజుమూత తీసి, దాని కొసతో మన చేతి వెనుక ఒక గీత గీస్తారు. ఇది గులాబీ. పక్కనే ఇంకో గీత, ఇది మోతియా, అంటే మన మల్లె. ఆ పక్కన మరొకటి. ఐదు నిమిషాలు గడిచేసరికి చేతి మీద ఏడెనిమిది వాసనలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. వాటిలో ఏది ఎక్కువగా గుప్పుమంటే దాన్నే కట్టించుకుని ఇంటికి వచ్చేస్తాం. సాయంత్రానికి అది ఆనవాలు లేకుండా పోతుంది, లేదంటే తలనొప్పి తెచ్చిపెడుతుంది.

చాలా ఏళ్లు నేనూ అలాగే కొన్నాను. ఆ అలవాటు మాన్పించినవారు ఒక పెద్దాయన. ఇద్దరు నిలబడితే మూడోవారికి చోటుండని చిన్న దుకాణం ఆయనది. నేను మూడు గీతలు గీయించుకుని "వీటిలో ఏది మంచిదంటారు?" అని అడిగితే, ఆయన సీసాలన్నీ మూసేసి, "తొందరేముందమ్మా, గాజులు చూసుకుని, చాయ్ తాగి రండి. అప్పుడు మీ చెయ్యే చెబుతుంది" అన్నారు. లాడ్ బజార్‌లో గంటన్నర తిరిగాను. మొదట మనసు దోచిన గులాబీ అప్పటికి చర్మం మీద లేదు. మొదట అసలు పట్టించుకోని చందనం మాత్రం, పాలు కాగుతున్న వంటింటి గుమ్మంలో నిలబడినట్టుగా, మెత్తగా, నిండుగా ఉంది. ఆ రోజు కొన్నది చందనమే. అప్పటినుంచి ఏ అత్తరునైనా ఒక రోజంతా ఒంటిమీద ఉంచుకోకుండా కొనలేదు. అత్తరుకు మనం పెట్టే డబ్బంతా రెండో గంట తర్వాత వచ్చే వాసనకే పెడుతున్నాం. దాన్ని చూడకుండా కొనడం మొగ్గను చూసి పండు బేరమాడటంలాంటిది.

చర్మం మీద ఏం జరుగుతుంది

ఏ అత్తరులోనైనా పదుల సంఖ్యలో వాసన పదార్థాలు ఉంటాయి. తేలికైనవి ముందు ఎగిరిపోతాయి, బరువైనవి చివరిదాకా ఉంటాయి. నిమ్మ, నారింజ తొక్కల్లోని లిమోనిన్ అణుభారం 136. మల్లెలో ఉండే లినలూల్‌కు 154. చందనంలోని శాంటలాల్‌కు 220. అంకెల్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, చర్మం మీద లిమోనిన్ నిమిషాల్లో పోతే శాంటలాల్ మరునాటి ఉదయం దాకా ఉంటుంది. స్ప్రే చేసుకునే సెంటులో ఆల్కహాల్ ఉంటుంది. అది గాలిలోకి ఎగురుతూ వాసనను కూడా ఎగరేసుకుపోతుంది, అందుకే గదంతా ఒక్కసారిగా పరుచుకుంటుంది. అత్తరులో ఆల్కహాల్ లేదు. నూనె మెల్లగా వేడెక్కి, మెల్లగా విప్పుకుంటుంది. దగ్గరగా వచ్చినవారికే అందుతుంది. ఈ నెమ్మదితనం వల్లే అత్తరును తొలి నిమిషంలో తీర్పు చెప్పడం తప్పవుతుంది.

ఒకే సీసా ఇద్దరి మీద రెండు రకాలుగా ఎందుకుంటుంది అని చాలామంది అడుగుతారు. ఇందులో పెద్ద రహస్యం లేదు. ఎక్కువ భాగం సెగ, జిడ్డు, తడి చేసే పని. ఒళ్లు వెచ్చగా ఉండేవారి మీద తొలి వాసనలు త్వరగా పోతాయి. చర్మం పొడిగా ఉంటే అత్తరు ఇంకిపోయి తొందరగా అణగిపోతుంది. కాస్త జిడ్డుగా ఉంటే పట్టుకుని ఉంటుంది. పొడి చర్మం ఉన్నవారు రాసే చోట ముందుగా వాసన లేని వాజ్‌లైన్ ఒక పొర పూస్తే తేడా ఆ రోజే తెలుస్తుంది. జనవరిలో హైదరాబాదు పొడిగాలిలో మూగగా ఉన్న అత్తరు, ఉక్కపోసే విశాఖలో గొంతు విప్పడం నేనే చూశాను. అందుకే ఎవరో బాగుందన్నారని కొనవద్దు. వారు చెప్పేది వారి చర్మం మాట, వారి ఊరి గాలి మాట.

మూడు గులాబీలు, ఒక ఆదివారం

ఈ తేడాలను మాటల్లో చెప్పడం కన్నా ఒక రోజు ఎలా గడిచిందో చెబితే బాగా అర్థమవుతుంది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం మూడు రకాల గులాబీలను పోల్చి చూశాను. పొద్దున్నే వాసన లేని సబ్బుతో స్నానం చేసి, తలకు నూనె గానీ ఒంటికి పౌడరు గానీ రాయకుండా, పూజగదిలో అగరుబత్తి కూడా వెలిగించకుండా కూర్చున్నాను. ఎడమ మణికట్టు లోపలివైపు రూహ్ గులాబ్, అంటే ఏమీ కలపని గులాబీ నూనె. ఎడమ మోచేతి మడతలో చందన తైలంలోకి దించిన, అంటే పూల ఆవిరిని ఆ తైలంలో పట్టిన గులాబీ అత్తరు. కుడి మణికట్టు మీద తక్కువ ధరకు దొరికే గులాబీ. మూడూ గాజుపుల్లతో ఒక్క తాకు మాత్రమే. పక్కనే బాల్‌పెన్నుతో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకున్నాను.

తొలి నిమిషంలో గెలిచింది మూడోది. మా ఇంట్లో ముగ్గురూ వాసన చూసి ముగ్గురూ దాన్నే చూపించారు. గులాబీ అనగానే మనసులో మెదిలే వాసన అచ్చంగా అదే. రూహ్ మాత్రం నిమ్మతొక్క గిల్లినట్టు పదునుగా, వెనుక తేనెతో, కొంచెం మిరియపు ఘాటుతో వచ్చింది. రెండోదానికి మొదట్లో ఉడికిన రేకుల వాసన, తడి కొయ్య వాసన ఉన్నాయి. గుల్కంద్ డబ్బా మూత తీసినట్టుంది. ఎవరికీ నచ్చలేదు.

గంట తర్వాత రూహ్‌లో పదును పోయి తేనె మిగిలింది. రోజంతటిలో అతి అందమైన ఘడియ అదే. రెండోదానిలో ఉడుకు వాసన పోయి, గులాబీ ఎక్కడ ఆగుతుందో చందనం ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా కలిసిపోయాయి. మూడోది మొదట ఎలా ఉందో ఇంచుమించు అలాగే ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళకు రూహ్ ముక్కు ఆనిస్తే తప్ప తెలియనంత పలచబడింది. నాలుగింటికి మూడోదానిలో తీపి విరిగి, కొత్తగా విప్పిన ప్లాస్టిక్ చాప వాసన పైకి వచ్చింది. మళ్లీ అందరినీ పిలిచి చూడమంటే ఈసారి ముగ్గురూ మోచేతి మడత చూపించారు. రాత్రి పడుకునేటప్పుడు అక్కడ పాలు, కొయ్య, ఎక్కడో ఒక రేకు. మరునాడు ఉదయం రవిక చేతి అంచులో కూడా ఉంది.

కాబట్టి మీరు గులాబీనే ఎంచుకుంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఎన్ని గంటలు కావాలి? పూజకో, కొద్దిసేపటి శుభకార్యానికో, మీ ఒక్కరి ఆనందానికో అయితే రూహ్‌కు సాటి లేదు. రోజంతా కావాలంటే చందనం మీద దించినదే తీసుకోండి. చవకరకాన్ని నేను ఈసడించను. రుమాలుకు, బీరువా అరకు, దూదిలో అద్ది దిండు కిందకు అది చక్కగా పనికొస్తుంది. దాన్ని చర్మం మీద రోజంతా భరించమంటేనే చిక్కు.

చందనం ఎందుకంత ముఖ్యం

ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్ మన దేశపు అత్తరు ఊరు. కనౌజ్ అత్తరుకు 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ రాగి బానలో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ మట్టితో మెత్తి, కింద కట్టెలు పిడకలు పెట్టి సన్నని సెగ మీద కాస్తారు. ఆ బానను డేగ్ అంటారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్ల తొట్టెలో ఉంచిన భప్కా అనే రాగి కుండలోకి చేరుతుంది. భప్కాలో ముందుగానే చందన తైలం పోసి ఉంటుంది. పూల ఆవిరి చల్లబడి ఆ తైలంలో ఇంకిపోతుంది. నీరు వేరుచేసి, మళ్లీ కొత్త పూలతో, మళ్లీ అదే తైలంలోకి, ఇలా రోజుల తరబడి చేస్తారు. చందనానికి సొంత వాసన మృదువు, బరువు ఎక్కువ. అందుకే పూల వాసనను అణచకుండా పట్టి ఉంచుతుంది. చర్మం మీద పువ్వు ముందు వచ్చి చందనం తర్వాత రావడానికి మూలం ఇదే.

ఇక్కడే ధర సంగతి కూడా తేలిపోతుంది. మంచి చందన తైలం కిలో లక్ష రూపాయలకు పైమాటే. తక్కువలో తక్కువ లక్షే అనుకున్నా గ్రాము వంద రూపాయలు. అత్తరును తులాల్లో అమ్ముతారు. తులం అంటే 11.66 గ్రాములు, దుకాణంలో దాన్ని 12 మిల్లీలీటర్ల సీసాగా ఇస్తారు. అంటే పువ్వు ఖర్చు, కట్టెల ఖర్చు, మనిషి శ్రమ ఏవీ కలపకముందే తులం చందనానికి తక్కువలో తక్కువ వెయ్యి రూపాయలకు పైనే అవుతుంది. గులాబీ సంగతి ఇంకా ఎక్కువ. కిలో గులాబీ నూనెకు సుమారు మూడు నాలుగు టన్నుల పూలు కావాలి. గ్రాముకు మూడు నాలుగు కిలోలు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో అన్ని కిలోల గులాబీలు కొంటే సంచి ఎంత ఉబ్బుతుందో ఊహించుకోండి, ఆ సంచి మొత్తం కలిసి ఒక గ్రాము. కాబట్టి రెండు వందలకు తులం "అసలు చందనపు గులాబీ" అని ఎవరైనా ఇస్తే, అందులో చందనం లేదని ముక్కుతో పనిలేకుండానే చెప్పవచ్చు. చందనం స్థానంలో థాలేట్ల వంటి వాసన లేని ద్రావకమో, లిక్విడ్ పారఫినో ఉంటుంది. ఇది తెలిసి, ఆ ధరకే, ఆ పనికే కొంటే ఏ ఇబ్బందీ లేదు. చందనమని నమ్మి కొంటేనే నష్టం. నేనూ ఒకసారి అలా నమ్మి, పండుగకు ఆరు సీసాలు కొని బంధువులకు పంచాను. వారం తర్వాత వాళ్లింట్లో ఆ ప్లాస్టిక్ చాప వాసన పసిగట్టినప్పుడు కలిగిన బాధ ఇంకా గుర్తుంది.

ఇంట్లో చేసే పరీక్షల గురించి ఒక మాట. తెల్ల కాగితం మీద చుక్క వేసి ఆరబెడితే పారఫిన్ కలిసినది నూనె మరకను అలాగే వదిలేస్తుంది, ఇది కొంత ఉపయోగపడే గుర్తే. కానీ చందనం కూడా చాలా రోజులు ఆరదు, కాబట్టి మరక ఉందని వెంటనే కల్తీ అనేయకండి. నీళ్లలో వేసి చూడటం వల్ల ఏమీ తెలియదు, అన్ని నూనెలూ తేలిపోతాయి లేదా విడిగా నిలుస్తాయి. నిక్కచ్చిగా తేల్చేది ప్రయోగశాలలో నూనెలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ ఒక్కటే. కనౌజ్‌లో 1991లో నెలకొల్పిన సుగంధ, రుచుల అభివృద్ధి కేంద్రం ఇలాంటి పరీక్షలు చేస్తుంది. పెద్ద మొత్తంలో కొనేవారికి ఆ ఖర్చు తగినదే. మన మూడు మిల్లీలీటర్లకు మాత్రం నాలుగో గంట చర్మ పరీక్షే చాలు. రూహ్ గులాబ్ చలికాలంలో సీసాలో గడ్డకట్టి సూదుల్లా కనబడితే పాడైందని పారేయకండి. ఆ నూనెలో సహజంగా ఉండే మైనం అది. గుప్పిట్లో కాసేపు పట్టుకుంటే కరుగుతుంది.

మిగతా అత్తరులు: ఎవరి నడక ఎలా ఉంటుంది

మల్లె, అంటే మోతియా, మనకు అందరికన్నా బాగా తెలిసిన పువ్వు. అందుకే దీన్ని పోల్చడం మనకు తేలిక. సాయంత్రం కొన్న మల్లెమొగ్గలు మొదట పచ్చిగా, ఆకు వాసనతో ఉంటాయి. రాత్రి విచ్చుకున్నప్పుడు మత్తు. పొద్దున్నే జడలోంచి తీసిన వాడిన దండకు ఇంకో వాసన, కొంచెం పండినట్టు, కొంచెం మనిషి ఒంటి వాసన కలిసినట్టు. మంచి మోతియా చర్మం మీద ఈ మూడు దశలూ ఇదే వరుసలో నడుస్తుంది. ఆ చివరి దశకు కారణం మల్లెలో సహజంగా ఉండే ఇండోల్ అనే పదార్థం. వేడి ఎక్కువగా ఉండే ఒంటి మీద అది ముందుగానే, గట్టిగా వస్తుంది. కొందరికి అదే ప్రాణం, కొందరికి అసలు పడదు. మే నెలలో ఒకసారి రాసుకుని నాలుగు గంటలు చూశాకే నిర్ణయించుకోండి. రోజంతా ఒకే తీపితో, ఏ మార్పూ లేకుండా ఉండే మల్లె ఎదురైతే అది పువ్వు నుంచి రాలేదని నా అనుభవం.

మొగలి అత్తరుది పూర్తిగా వేరే స్వభావం. దీనికి పేరుపొందిన ప్రాంతం శ్రీకాకుళానికి ఆనుకునే ఉంది: ఒడిశాలోని గంజాం జిల్లా. అక్కడి మగ పూగుత్తుల నుంచే వాసన దించుతారు. జడలో మొగలిరేకులు కుట్టించుకున్న తరం వారికి సీసా తెరవగానే కళ్లు చెమరుస్తాయి, మా అమ్మమ్మకు అలాగే అయింది. ఇది మొదటి గంటలో అందరినీ మించి పలుకుతుంది, చిన్న గదిలో రాసుకుంటే పక్కవారికి ఇబ్బందే. తర్వాత అంత త్వరగానూ దిగిపోతుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. హైదరాబాదు బిర్యానీలో, మిఠాయిల్లో మొగలి నీరు వేస్తారు కాబట్టి ఇక్కడివారి ముక్కుకు అది వంట వాసనగా తోచవచ్చు. మీ ఇంట్లోవారిని అడిగి చూసి కొనండి.

వట్టివేరు అంటే ఖస్. రాగి బానలో దించిన రూహ్ ఖస్ ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఆ పచ్చదనానికి రాగే కారణం. కుండ నీళ్లలో వట్టివేరు కట్ట వేసుకున్నవారికి, వేసవిలో కిటికీకి తడిపిన వట్టివేరు తడిక కట్టుకున్నవారికి దీని గురించి చెప్పనక్కరలేదు. చర్మం మీద దీని నడక చాలా నిలకడ. మొదట మట్టి, తడి వేరు. తర్వాత కొంచెం పొగ. చివర్లో ఎండిన గడ్డివాము. ఒక దశ నుంచి ఇంకో దశకు కుదుపు ఉండదు. మొదటి ఐదు నిమిషాల్లో నచ్చితే సాయంత్రం కూడా నచ్చుతుందని ధైర్యంగా చెప్పగలిగిన అత్తరు ఇదొక్కటే.

మట్టి అత్తరును కనౌజ్‌లో కాల్చిన మట్టి బిళ్లలనుంచి చందనంలోకి దించుతారు. తొలకరి చినుకుకు లేచే వాసనకు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964లో పెట్రికోర్ అని పేరు పెట్టారు. అప్పటికే ఆ వాసనను మన కనౌజ్‌లో సీసాల్లో పట్టి అమ్ముతున్నారు. అయితే కొనబోయేవారికి ఒక హెచ్చరిక. వాన వాసన చర్మం మీద గంటా గంటన్నరకు మించి ఉండదు, ఆ తర్వాత మీ దగ్గర ఉండేది చందనం. చందనం నచ్చేవారికి ఇది వరం. చందనం పడనివారు దీన్ని దూది మీద పెట్టుకుని చూసుకోవడమే మేలు.

ఒక్క చందనమే అయితే దాని నడక తలకిందులు. మొదటి పది నిమిషాలు ఇంచుమించు ఏమీ ఉండదు, కొంచెం నూనె వాసన, కొంచెం పెన్సిల్ చెక్కినట్టు. అరగంటకు మెల్లగా పాలవాసన లేస్తుంది. అక్కడినుంచి పది పన్నెండు గంటలు అలాగే. దుకాణంలో నిలబడి నిర్ణయించేవారు చందనాన్ని వదిలేసి పోవడం నేను ఎన్నిసార్లు చూశానో.

అగరు, అంటే ఊద్, చందనం కంటే కఠినమైన పరీక్ష పెడుతుంది. గల్ఫ్‌లో పనిచేసే తమ్ముళ్లు, అల్లుళ్లు సెలవుకు వస్తూ తెచ్చే చిన్న సీసాల వల్ల కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇళ్లలో ఇది చాలామందికి పరిచయం. అస్సాం అడవుల్లో పెరిగే అగరు చెట్టుకు గాయమై, బూజు పట్టి, రెసిన్ ఊరిన చెక్క నుంచి తీస్తారు. అసలైన ఊద్ తొలి అరగంటలో పశువుల కొట్టం, పచ్చి తోలు వాసనతో వస్తుంది. చాలామంది అక్కడే కడిగేసుకుంటారు. గంట దాటాక అదే వాసన తేనె, సాంబ్రాణి, పాత కొయ్య బీరువాగా మారుతుంది. మొదటి నిమిషం నుంచే తీయగా ఉన్నదైతే అందులో గులాబీ, కుంకుమపువ్వు వాసనలు కలిపి ఉంటారు; బహుమతిగా వచ్చేవాటిలో ఇవే ఎక్కువ. వాడుకోవడానికి అవి హాయిగా ఉంటాయి కూడా.

శమామా, హినా అనేవి దినుసుల అత్తరులు. తుంగముస్తలు, జటామాంసి, లవంగం, యాలకులు, రాతిపువ్వు వంటివి దఫదఫాలుగా దించుతారు. ఇవి చలికాలపు అత్తరులు. డిసెంబరులో శాలువా మీద అమృతం, ఏప్రిల్‌లో నా వల్ల కాదు. కస్తూరి అని రాసి ఉన్న సీసా గురించి అనుమానం పెట్టుకోకండి: కస్తూరి మృగానికి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉంది కాబట్టి మీకు దొరికేది కృత్రిమమే, అలా ఉండటమే మంచిది. ఉతికిన బట్టలా శుభ్రంగా, రోజంతా ఒకేలా ఉంటుంది. ఈ కృత్రిమ కస్తూరుల్లో కొన్నింటిని కొందరి ముక్కు అసలు పసిగట్టలేదు. మీకు వాసనే రావడం లేదని ఇంకా ఇంకా రాసుకుంటూ పోకుండా పక్కవారిని అడగండి.

మీరు పరీక్షించేటప్పుడు

దుకాణంలో ముందు కాగితం ముక్కల మీద చూడండి. మందపాటి తెల్ల కాగితం మీరే తీసుకువెళ్లి, ఒక్కొక్కదానిపై పేరు రాసుకోండి. పది ఉంటే మూడుకు తగ్గించడానికే కాగితం, అంతకు మించి దాన్ని నమ్మకండి. అత్తరును వేడెక్కించే సెగ దానికి లేదు. ఆ మూడింటినే చర్మం మీదికి తెచ్చుకోండి. ఒక పూటకు మూడు దాటితే ముక్కు అలసిపోతుంది. కొన్నిచోట్ల కాఫీ గింజలు వాసన చూడమని ఇస్తారు. దానికన్నా బయటికి వచ్చి మామూలు గాలి పీల్చడం మంచిది.

రాసుకున్నాక రెండు మణికట్లు కలిపి రుద్దకండి. రుద్దితే ఆ వేడికి తొలి వాసనలు ముందే ఎగిరిపోతాయి, పోల్చాలనుకున్న మూడూ కలిసిపోతాయి. ముందు జానెడు దూరం నుంచి, తర్వాత దగ్గరగా చూడండి. వెంటనే, పావుగంటకు, గంటకు, నాలుగు గంటలకు, పడుకునే ముందు. ప్రతిసారీ ఒక్క మాట రాసుకోండి, మీ ఇంటి మాటే: పచ్చి, తీపి, పొగ, పాలు, తోలు, సబ్బు, ఇత్తడి చెంబు. వారం తర్వాత చదివితే ఏ పుస్తకం చెప్పలేనిది ఆ చీటీ చెబుతుంది. వీలైతే ఎండలో తిరిగే ఒక రోజు, ఏసీ గదిలో కూర్చునే ఒక రోజు విడివిడిగా చూడండి.

చర్మానికి పడుతుందో లేదో ముందే తెలుసుకోవాలి, సహజమైనదైతే ఏమీ కాదనే నమ్మకం వద్దు. మోచేతి మడతలో చిన్న తాకు పెట్టి రెండు రోజులు చూడండి. దురద, ఎరుపు వస్తే అది మీది కాదు. నిమ్మజాతి నూనెలు, ముఖ్యంగా బెర్గమోట్ కలిసినవి, ఎండ తగిలే చోట రాస్తే మచ్చలు పడవచ్చు. వాటిని బట్టలకే ఉంచండి. పసిపిల్లలకు రాయకండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే వారిని అడగకుండా ఏదీ రాయకండి.

పట్టుచీర మీద నేరుగా పెడితే నూనె మరక పోదు. పెళ్లిళ్లలో పెద్దవారు చేసే పని చూడండి: చిన్న దూది ఉండను అత్తరులో అద్ది చెవి మడతలో పెట్టుకుంటారు, పాతబస్తీలో దాన్ని ఫాయా అంటారు. చీరకు మరక అంటదు, ఒంటి సెగకు వాసన మాత్రం తగ్గదు.

ఎవరికి ఏది

పదిమంది కూర్చునే ఆఫీసు గదికి చందనం లేదా వట్టివేరు, ఒక్క తాకు. మొగలి, ఊద్ అక్కడ వద్దు. వేసవిలో బస్సు ప్రయాణాలు చేసేవారికి వట్టివేరుకే నా ఓటు. సాయంత్రపు పెళ్లికి మోతియా, రాత్రి ముహూర్తమైతే చందనం మీది గులాబీ, ఎందుకంటే అది అప్పగింతల దాకా ఉంటుంది. పూజకు, మనశ్శాంతికి రూహ్ గులాబ్ లేదా మట్టి. మొదటిసారి అత్తరు కొంటున్నవారు తులం సీసా జోలికి పోకుండా పావు తులం, అంటే మూడు మిల్లీలీటర్లవి రెండు తీసుకోండి. బహుమతికి కూడా ఇదే మంచిది, ఇచ్చేవారి ముక్కు పుచ్చుకునేవారి చర్మాన్ని ఊహించలేదు. గాజుసీసాలోనే ఉంచి, వెలుతురు తగలని అరలో పెట్టండి.

మొన్న మా బాబాయి ఒక్క అత్తరు చాలు, రోజూ వాడుకునేది చెప్పమని అడిగారు. ఏది కొనాలో చెప్పకుండా ఖస్, శమామా, చందనం మూడు చిన్న సీసాలు చేతిలో పెట్టి, రోజుకు ఒకటి చొప్పున చూసి చీటీ రాయమన్నాను. మూడో రోజు ఫోను చేశారు. "శమామా రాసుకుని మధ్యాహ్నం నడకకు వెళ్తే ఊపిరాడలేదమ్మా. చందనం బాగుంది కానీ నాకు మధ్యాహ్నం దాకా తెలియనే లేదు, మీ పిన్నికే తెలిసింది. ఖస్ మాత్రం పొద్దున మంచినీళ్ల కుండ దగ్గర నిలబడ్డట్టు ఉంది, రాత్రి కూడా అలాగే ఉంది" అన్నారు. ఖస్ పావు తులం కొన్నారు. శమామా సీసాను పారేయకుండా డిసెంబరుకని శాలువాల అరలో పెట్టించాను.